దక్షిణపు రేవులో పదకొండున్నర

అరగంటలో రేవుకు చేరడం సాధ్యమా అన్నది తర్వాత, అంత తొందరగా రావలసిన అవసరం ఆ మనిషికి ఏమొచ్చిందన్నది ముందు తేలాలి, అనుకున్నాడు కోదండం. అనుకోగానే తన మీద తనకే చిరాకు పుట్టింది. ఎప్పుడూ ఇదే జబ్బు. ఏం జరిగిందో తేలకముందే ఎందుకు జరిగిందని తవ్వుతాడు. పదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి మానేశాడు, నెల్లూరులో సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి ఆరేళ్ళయింది, జబ్బు మాత్రం నయం కాలేదు. కింద కటకటమని చప్పుడైంది. చెయిను మళ్ళీ జారింది. పొద్దున కోట అనే ఊళ్ళో సైకిల్ అద్దెకు తీసుకున్నప్పటి నుంచి ఇది మూడోసారి.

"దిగండి సార్, నేనెక్కిస్తా," అన్నాడు పక్కన వస్తున్న ఆనందబాబు.

"అక్కర్లేదు," అని కోదండం కిందికి వంగి వేళ్ళకు మసి పూసుకున్నాడు.

విషయం చెప్పుకుంటే నాలుగు ముక్కలు. పోయిన శనివారం, ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీన, తిమోతి అనే హైస్కూలు మాస్టరు, నెల్లూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఈ ఆనందబాబు, ఇద్దరూ కోట ఊళ్ళో సైకిళ్ళు అద్దెకు తీసుకుని దుర్గరాజపట్నం చూడడానికి వచ్చారు. పాత ఇంగ్లీషు కోట ఆనవాళ్ళు, లైట్‌హౌసు, సముద్రం చూసి సాయంత్రానికి తిరిగి వెళ్ళాలని వాళ్ళ ఏర్పాటు. ఆనందబాబు చెప్పినదాని ప్రకారం, పదకొండు గంటలకు తిమోతి లైట్‌హౌసు దగ్గర స్నేహితుణ్ణి వదిలి ఒక్కడే ఒడ్డు వెంబడి దక్షిణంగా బయలుదేరాడు. పదకొండున్నరకు అతని సైకిల్ బకింగ్‌హామ్ కాలవ మీద దక్షిణపు రేవులో సరుగుడు చెట్టుకు ఆనించి ఉండగా ఉప్పు పడవవాళ్ళు చూశారు. పడవ మీద గడియారముంది, టైము రాసి పెట్టుకున్నారు. ఆ తర్వాత తిమోతి ఎవరికీ కనపడలేదు. సైకిల్ రెండో రోజు పడవ నడిపే హజరత్తయ్య పాకలో దొరికింది. దాంతో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మస్తానయ్య అతన్ని పట్టుకున్నాడు. నాలుగు రోజులుగా కాలవలో వలలు వేసి వెతుకుతున్నారు, శవం దొరకలేదు. దొరక్కపోయినా ఈ మధ్యాహ్నం మూడింటికి జీపులో హజరత్తయ్యను మేజిస్ట్రేటు దగ్గరకు తీసుకుపోతారు. ఒకసారి తీసుకుపోతే మళ్ళీ రేవు మొహం చూస్తాడనుకోవడం కష్టం.

తిమోతి చెల్లెలు పుష్పకుమారి నర్సు. నిన్న డ్యూటీ దిగి ఆ తెల్లచీరతోనే వచ్చి కోదండం ఎదురుగా కూర్చుంది. "అన్న పోయినాడంటే ఏడుస్తానండీ. ఉండాడంటే ఎదురుచూస్తాను. ఏదో ఒకటి చెప్పండి," అంది. ఆమెకు కాబోయే మొగుడు ఈ ఆనందబాబు. చర్చిలో రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని మూడోసారి చదవాల్సిన ఆదివారానికి పెళ్ళికూతురి అన్న లేకుండా పోయాడు.

'శనివారం ఎట్టా జరిగిందో అట్టే నాకు చూపించండి,' అని కోదండం అడగ్గానే ఆనందబాబు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడమే కోదండానికి పొద్దుటి నుంచి పంటి కింద రాయిలా ఉంది. బాధలో ఉన్న మనిషి ఆ బాధ పుట్టిన చోటికి మళ్ళీ అంత హుషారుగా వస్తాడా? వస్తాడు, కొందరు వస్తారు. ఇదిగో, మళ్ళీ 'ఎందుకు' దగ్గరకే వచ్చాడు.

"శనివారం ఈ దుర్గరాజపట్నానికి ఎన్నింటికి చేరారు?"

"ఎనిమిదింబావు."

"ఇప్పుడు?"

"తొమ్మిదిన్నర దాటింది సార్. మీ చెయిను మూలాన." అని ఆనందబాబు కొంచెం నవ్వాడు. "తిమోతిది మంచి సైకిలు. షాపువాడు ఇద్దరికీ గాలి రాయిలాగా కొట్టిచ్చినాడు."

"మీరు ఈ వైపు మునుపు రాలేదన్నారు."

"లేదండీ. మాకు నెల్లూరోళ్ళకి సముద్రమంటే మైపాడే."

కోట ఆనవాళ్ళంటే గోడలూ బురుజులూ ఏమీ లేవు. ముళ్ళ పొదల మధ్య ఎర్రటి ఇటుకల దిబ్బ. ఊరివాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి ఆ ఇటుకలు తవ్వుకుపోగా మిగిలిన గుంటలు, నడుము లోతున ఆరేడు. ఆనందబాబు చెయ్యి చాపి చూపించాడు. "తిమోతి ఇక్కడ నిలబడి పాఠం చెప్పినాడు సార్. ఇంగ్లీషోళ్ళు మద్రాసు కంటే ముందు ఇక్కడే కోట కట్టుకున్నారంట. ఆయనకి ఇటుక కనిపిస్తే చాలు, అన్నం అక్కర్లేదు."

"పెళ్ళి ఆయనకు ఇష్టమేనా?"

"ఆయనే కుదిర్చినాడు."

"మరి గొడవ దేనికి?"

"ఏం గొడవ?" ఆనందబాబు తిరిగి చూశాడు. కళ్ళ కింద నాలుగు రాత్రుల నలుపు. "గొడవేం లేదు సార్. ఎవరన్నా చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. చీకట్లో రాయి విసిరినట్టు అడిగాడు, రాయి దేనికీ తగల్లేదు. కోదండం గుంటల మధ్య తిరిగాడు. నాలుగు రోజుల గాలికి ఇసుక అంతా సాపుగా ఉంది. ఒక గుంటలో ఎండిన తాటాకులు పడి ఉన్నాయి. ఆనందబాబు మాట్లాడుతూనే ఆ గుంటలోకి ఒకసారి చూశాడు. కాసేపటికి మళ్ళీ చూశాడు. తలకు రుమాలు కట్టుకుంటూ మూడోసారి చూశాడు. కోదండం దిగి తాటాకులు తిరగేశాడు. ఇటుక ముక్కలు, ఒక తొండ. ఇంకేం లేదు. మోకాలికి ముల్లు గుచ్చుకుని పైకొచ్చాడు.

లైట్‌హౌసు కాపలాదారుతో పని ఇంకా అధ్వాన్నం. "పదకొండింటికి నేను పైన అద్దాలు తుడుస్తుండా. కింద ఎవరొచ్చినారో ఎవరు పోయినారో నాకేం తెలుసు? ఒంటిగంటకి ఈ అబ్బయ్య మాత్రం వచ్చినాడు, నీళ్ళడిగినాడు. మూడు చెంబులు తాగినాడు."

"పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఏం చేశారు?" కోదండం ఆనందబాబు వైపు తిరిగాడు.

"చెప్పినాను గదండీ. తలనొప్పి. తిమోతి పోయినాక సరుగుడు తోపులో పడుకున్నా. నిద్రపోయినా."

"నీడలో పడుకుని నిద్రపోయిన మనిషికి మూడు చెంబుల దాహమా?"

"తలనొప్పికి దాహమేస్తుంది సార్."

నిద్రపోయానన్న మనిషిని ఏం చేస్తాం? నిద్రకు సాక్షులుండరు, ఉండనక్కర్లేదు కూడా. కోదండం గడియారం చూశాడు. పన్నెండూ పది. ఇక్కణ్ణుంచి దక్షిణపు రేవు రెండు మైళ్ళు. తిమోతికి పట్టింది అరగంట. తనకెంత పడుతుందో చూడాలి.

పది గజాలు పోగానే చక్రం ఇసుకలో దిగబడింది. దిగి తోయడం మొదలుపెట్టాడు. ఎదురుగాలి. వెనకాల ఆనందబాబు ఆగి ముందు చక్రం దగ్గర, తర్వాత వెనక చక్రం దగ్గర వంగాడు. ముల్లు తీసుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు కోదండం. అలల హోరులో ఏమీ వినపడలేదు. రెండు నిమిషాలకు ఆనందబాబు అతన్ని దాటి, తడి ఇసుకా పొడి ఇసుకా కలిసే చోట తొక్కుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు. ముప్పై రెండేళ్ళ వాడు, మోకాళ్ళు బాగున్నాయి. కోదండానికి నలభై ఆరు. ఎక్కడం, దిగబడడం, తిట్టుకోవడం, తోయడం. తిమోతికి కూడా నలభై దాటాయని, కళ్ళజోడు మనిషని, సైకిల్ తొక్కేది ఇంటి నుంచి స్కూలుకేనని పుష్పకుమారి చెప్పిన మాట గుర్తొచ్చి చిరాకు ఇంకా పెరిగింది.

రేవుకు చేరేటప్పటికి ఒకటీ ఇరవై. డెబ్భై నిమిషాలు. ఆనందబాబు ఎప్పుడో వచ్చి సరుగుడు నీడలో చెమట ఆరబెట్టుకుంటున్నాడు.

అవతలి ఒడ్డున జీపు ఉంది. కాలవ దాటించాలంటే పడవ కావాలి, ఆ రేవులో పడవ నడిపేది హజరత్తయ్య ఒక్కడే. మస్తానయ్య ముద్దాయి కట్లు విప్పించి, కానిస్టేబులును తోడిచ్చి, పడవను ఇవతలికి పంపాడు. హజరత్తయ్య అరవై ఏళ్ళవాడు. సైకిళ్ళను జాగ్రత్తగా పడవలో పడుకోబెట్టి, పడవ తోసే గెడ అందుకుని, "కాలు తడవకుండా ఎక్కండయ్యా," అన్నాడు. రోజూ అనే మాట లాగే అన్నాడు.

ఒడ్డు దిగగానే మస్తానయ్య ఎదురొచ్చాడు. ఒకప్పుడు కోదండం చేతి కింద పని నేర్చుకున్నవాడు. "ఏంది కోదండమన్నా, మొహం అట్టా వాడిపోయింది? ఊరు చూసినావా? లైటుహౌసు చూసినావా? ఫోటో తీయించుకోకపోయినావా?"

"సైకిల్ చూడాలి మస్తానయ్యా."

"చూడు. మూడుకి జీపు కదుల్తుంది. ఈలోగా సైకిలు మనసులో ఏముందో కూడా అడుగు."

తిమోతి సైకిల్ పాక గోడకు ఆనించి ఉంది. గీతలు లేవు, రక్తం లేదు, హ్యాండిల్ సరిగ్గా ఉంది. కోదండం బొటనవేలితో టైర్లు నొక్కాడు. ముందుదీ వెనకదీ రెండూ మెత్తగా ఉన్నాయి. ఒకదానికి ఒకటి తీసిపోకుండా, సరిగ్గా ఒక్కలాగే మెత్తగా. వాల్వు మూతలు బిగించి ఉన్నాయి.

"చూసినావు గదా," అన్నాడు మస్తానయ్య. "గాలి తీసేసి ఆపినాడు. ఆగినోణ్ణి గెడతో నెత్తిన కొట్టినాడు. కాలవలో తోసినాడు."

"మనిషిని ఆపడానికి గాలి తీసేవాడు పూర్తిగా తీస్తాడు. సగం తీసి మూత బిగిస్తాడా?"

హజరత్తయ్య గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. కానిస్టేబులు చేతులు మళ్ళీ కడుతున్నాడు. "నేను ముట్టుకోలేదయ్యా. వచ్చిన కాడ్నుంచి అట్నే ఉండాది. ఎండకి ట్యూబు పగుల్తుందని పాకలో పెట్టినా, అంతే."

"కానిస్టేబులు వచ్చి సైకిలు చూసినావా అంటే లేదన్నావు," అన్నాడు మస్తానయ్య.

"ఆయనది కాదు గదయ్యా."

"అంటే?"

"రేవులో మరిచిపోయిన వస్తువు సంగతి సొంతదారుకే చెప్పాల. ఇంకోడికి చెప్పినామంటే ఆ వస్తువు పోయినట్టే. మా నాయన ఒక గొడుగు పదకొండేళ్ళు దాచినాడు. అడిగినోళ్ళకంతా లేదనే చెప్పినాడు."

"సొంతదారు వచ్చినాడా?" మస్తానయ్య వెటకారంగా అడిగాడు.

"వచ్చినాడు సామీ. పన్నెండో ఏట. పిడి ఎట్టుంటుందో చెప్పి తీసకపోయినాడు."

కానిస్టేబులు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. కోదండానికి నవ్వు రాలేదు. తరతరాల నమ్మకస్తుడు ఆ నమ్మకం మూలానే అబద్ధమాడాడు. ఆ అబద్ధమే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది. ఈ సంగతి ఏ కోర్టులో ఎవరికి చెబితే ఎక్కుతుంది?

"గాలి ఎందుకట్టా ఉందంటావు?" అడిగాడు.

"ఇసకలో తోలేదానికయ్యా. చేపల బుట్టలోళ్ళు అంతా అట్నే చేస్తారు. ఇసక మొదలు కాగానే రెండు చక్రాలకీ గాలి తీస్తారు, బొటనేలు ఇంత దిగేదాకా. అప్పుడు చక్రం దిగబడదు, తేలిపోతుంది. రోడ్డెక్కినాక కొట్టుకుంటారు."

కోదండం లేచి నిలబడ్డాడు. డెబ్భై నిమిషాల ఇసుక ఒక్కసారిగా తేలికైనట్టనిపించింది. "విన్నావా మస్తానయ్యా? తిమోతికి ఈ కిటుకు తెలీదు. రాయిలాంటి టైర్లతో ఆయన పదకొండుకి బయలుదేరితే పన్నెండు దాటితే గానీ ఇక్కడికి రాలేడు. నాకే డెబ్భై నిమిషాలు పట్టింది. పదకొండున్నరకి సైకిల్ ఇక్కడుందంటే దాన్ని తెచ్చింది తిమోతి కాదు. ఇసుకలో తోలడం తెలిసినవాడు."

"అవునన్నా," అన్నాడు మస్తానయ్య నెమ్మదిగా, ఎంతో ప్రేమగా. "ఇసకలో తోలడం తెలిసినోడు. ఇప్పుడే గదా వీడు పూసగుచ్చినట్టు చెప్పింది? నా కేసుకి నువ్వే మంచి సాక్షివి."

"అసలు అతనికి సైకిల్ తొక్కడం వచ్చా?" అన్నాడు కోదండం.

"లేదు సామీ, నాకు గెడ తప్ప ఏం రాదు," అన్నాడు హజరత్తయ్య.

"రాదని ఎట్టా రుజువు చేస్తావు? ఎక్కించి పడేస్తావా? ఎవుడన్నా పడగలడు." మస్తానయ్య గడియారం చూసుకున్నాడు. "అన్నా, కోపం తెచ్చుకోమాక. నువ్వు ఆలోచిస్తావు, నేను చేస్తాను. అందుకే నేను జీపులో ఉండా, నువ్వు అద్దె సైకిలు మీద ఉండావు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. బయటికొచ్చి తన సైకిల్ దగ్గర నిలబడి, ఏం చేయాలో తోచక టైరు నొక్కాడు. రాయి. పక్కనే ఆనందబాబు సైకిల్. చెయ్యి ఊరికే దాని మీదికి పోయింది. బొటనవేలు దిగింది. ముందుది, వెనకది. ఒకదానికొకటి తీసిపోకుండా, సరిగ్గా ఒక్కలాగే.

పొద్దుటి నుంచి ఆ మనిషి మనసును తవ్వుతున్నాడు. మనసు ఒక్క ముక్క బయటపెట్టలేదు. అలసటలో, చిరాకులో, ఎండలో, అతని వేళ్ళు మాత్రం అతన్ని అడగకుండానే తమ పని తాము చేసుకుపోయాయి. మైపాడు తప్ప సముద్రం ఎరగనన్నవాడి వేళ్ళు.

ఆనందబాబు పాక వెనక కాలవ గట్టున ఒంటరిగా నిలబడి ఉన్నాడు. నీళ్ళవైపు చూడడం లేదు. అవతలి ఒడ్డు పొదలవైపు, దారివైపు, మళ్ళీ పొదలవైపు చూస్తున్నాడు. రోజంతా ఇంతే చూశాడని కోదండానికి అప్పుడు తట్టింది. నేరం చేసినవాడు దాచిన చోటు నుంచి కళ్ళు తప్పిస్తాడు. ఇతను వెతుకుతున్నాడు.

"ఇటుకల గుంటలోకి మూడుసార్లు చూశారు," అన్నాడు కోదండం అతని పక్కన నిలబడి, గొంతు పెంచకుండా. "ఇక్కడ సైకిల్ పెట్టి, రెండు మైళ్ళు వెనక్కి నడిచి, గుంట దగ్గరకు పోయారు. మూడు చెంబుల దాహం ఆ నడకది. పోయేటప్పటికి ఏముంది అక్కడ?"

ఆనందబాబు తల రుమాలు విప్పి చేతికి చుట్టుకున్నాడు.

"ఎట్టా తెలిసింది సార్?"

"మీ టైర్లు చూసుకోండి."

ఆనందబాబు సైకిల్ వైపు చూశాడు. తర్వాత, ఆశ్చర్యంగా, మొహంలో బిగువంతా వదిలిపోయింది. "నేనెప్పుడు తీసినా?" అన్నాడు, తనలో తాను. "నిజంగా తెలీదు సార్. పదహారేళ్ళ వయసు దాకా ఈ ఒడ్డునే చేపల బుట్టలు తోలినా."

"మీరు ఇక్కడివారని తిమోతికి ఎట్లా తెలిసింది?"

"చేపలోళ్ళ పాలెం బావి కాడ సామ్రాజ్యం ఎదురొచ్చింది. నా పెళ్ళాం. 'ఏం ఆనందం, ఎన్నేళ్ళకి!' అనింది. అంతే, ఇంకేం అనలేదు. బిందె ఎత్తుకుని పోయింది." అతను మొహం తుడుచుకున్నాడు. "దిబ్బ కాడికి వచ్చినాక తిమోతి అడిగినాడు, దాచలేకపోయినా. రేపు మూడో ప్రకటన చదివేటప్పుడు నేనే లేచి నిలబడతానన్నాడు. చొక్కా పట్టుకున్నాడు. తోసినా. ఇటుక మీద పడినాడు. లేవలేదు. గుంటలో పెట్టి తాటాకులు కప్పి, సైకిలు ఇక్కడికి తెచ్చినా, ఇటుపక్క వెతుకుతారని. తిరిగిపోయి ఇసకలో పూడ్చాలనుకున్నా." కళ్ళెత్తి కోదండాన్ని సూటిగా చూశాడు. "లేడు సార్. తాటాకులు ఉండాయి. ఇసకలో కాస్త రక్తం ఉండింది. మనిషి లేడు. ఈడ్చిన గుర్తు కూడా లేదు. నాలుగు రోజులుగా నిద్ర లేదు. మీరు రమ్మంటే అందుకే వచ్చినా. మీకన్నా కనపడతాడేమోనని."

తిమోతి లేచి నడిచాడు. లేదా ఎవరో భుజాన వేసుకుపోయారు. బతికి ఉండి నాలుగు రోజులుగా చెల్లెలి దగ్గరకు రాలేదంటే, రాలేని స్థితిలోనన్నా ఉండాలి, ఎవరన్నా రానివ్వకుండానన్నా ఉండాలి. వందమంది కాలవలో వలలు వేస్తుంటే అతను రెండు మైళ్ళ అవతల ఏ పాకలో ఏ చాప మీద...

జీపు ఇంజను మోగింది.

కోదండం పరుగున వచ్చాడు. హజరత్తయ్య వెనక సీటులో కానిస్టేబులు పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. మస్తానయ్య ముందు సీట్లో ఉన్నాడు.

"ఆపు. తిమోతి ఈ రేవుకే రాలేదు. బతికి ఉండొచ్చు. దిబ్బ చుట్టుపక్కల పాలేలు వెతకాలి, ఇప్పుడే."

"ఎవరు చెప్పినారు?"

కోదండం వెనక్కి తిరిగాడు. ఆనందబాబు పాక నీడలో, బస్సు కోసం నిలబడిన మనిషిలా నిలబడి ఉన్నాడు. ఆ మొహం మళ్ళీ మూసుకుపోయింది.

"చెప్పండి," అన్నాడు కోదండం.

"నేనేం చెప్పినా సార్?" అన్నాడు ఆనందబాబు. "నేను తోపులో నిద్రపోతుండినా."

మస్తానయ్య నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. జాలిగా చూశాడు. "ఎండన పడి వచ్చినావు. నీళ్ళు తాగి పడుకో అన్నా. ఏమన్నా ఉంటే కోర్టులో చెప్పుకుందువు." డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

ఒక్క నిమిషం క్రితం ఒప్పుకున్నవాడు ఎందుకు మాట మార్చాడు? భయమా? లేక తిమోతి బతికుంటే పాపం సగమయిందన్న లెక్కా? లేక చెప్పేయడంతోనే బరువు దిగిపోయి, ఇక దాచడానికి కొత్త బలం... కోదండం తన ఆలోచనను తానే విన్నాడు. మళ్ళీ అదే 'ఎందుకు'. వెనక సీట్లో హజరత్తయ్య తల తిప్పి కట్టేసిన పడవను చూస్తున్నాడు. సాయంత్రం దాటాల్సిన వాళ్ళు అవతలి ఒడ్డున అప్పుడే ఇద్దరు ముగ్గురు చేరారు.

కాలవ కట్ట జీపు వెడల్పుకు మించి లేదు. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు ఉప్పు బురద.

జీపు గేరు మారింది. కోదండం తన అద్దె సైకిల్‌ను ఎత్తి తీసుకెళ్ళి, జీపు చక్రాల ముందు, కట్టకు అడ్డంగా పడుకోబెట్టాడు.